పాలిష్ పక్క లోపలికి

మా సారు పోయారన్న కబురు నాకు పరీక్ష హాల్లో తెలిసింది. పిల్లల ఫోన్లన్నీ లాక్కుని బల్ల మీద పెట్టి, నా ఫోను మాత్రం కొంగు చాటున చూసుకుంటున్నాను. ఆయన దగ్గర పరిశోధన చేసినవాళ్లందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. దాని పేరు 'ఒంటి పొర'. అందులో మా సీనియరు ఒకాయన "సారు ఇక లేరు. తెల్లవారుజామున నిద్రలోనే" అని పెట్టాడు. దాని కిందనే ఇంకో సీనియరు బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టాడు. పాపం, వేలు జారిందట. గబగబా తీసేసి, క్షమాపణలు రాసి, ఆ కంగారులో క్షమాపణల కింద కూడా అదే బొమ్మ పెట్టాడు. ఏడవాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపయింది. ముందు బెంచీలో అమ్మాయి "ఏమైంది మేడం?" అని లేచి నిలబడితే, "ఏం లేదు, నువ్వు రాసుకో" అన్నాను. సారు చూసి ఉంటే ఆ బొటనవేలు బొమ్మను తలుచుకుని వారం రోజులు నవ్వేవారు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. తెలిసేందుకు ఆయన చేసింది కంటికి కనిపించే పనీ కాదు. ఊరు బేతంచెర్ల. కర్నూలులో ఎలక్ట్రానిక్స్ చెప్పే ప్రొఫెసరు. నేను కమలాపురం దగ్గర పల్లె నుంచి వచ్చి, కడపలో పాలిటెక్నిక్ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఆయన దగ్గర పీహెచ్‌డీకి చేరాను. ఆయన పరిశోధన ఏమిటంటే, కొద్దిపాటి అణువుల మందం మాత్రమే ఉండే పల్చటి పొరతో ట్రాన్సిస్టర్ చేస్తే, దాన్ని సాగదీసినప్పుడు అందులో తనంతట తానే కాస్త విద్యుత్తు పుడుతుంది. దాని వల్ల ట్రాన్సిస్టర్ గుండా పోయే కరెంటు పెరుగుతుందా, తగ్గుతుందా, ఎంత? ఇదంతా కంప్యూటర్లో లెక్కగట్టడం. అలాంటి పొరను ఆయన జన్మలో చేత్తో తాకలేదు. మేమూ తాకలేదు. తాకని వస్తువును పట్టి లాగడం, వచ్చిన గీతను చూసి గొడవపడడం మా పని.

"ఏం నేర్పిస్తాండాడుమ్మా మీ సారు?" అని మా నాయన ఒకసారి అడిగాడు. నేను చెప్పినంతసేపూ విని, "అంటే లేనిదాన్ని లాగుతాండారన్నమాట" అని వేరుశనగ కాయలు ఒలుచుకోవడంలో పడిపోయాడు. ఈ మాట సారుకు చెబితే, "మీ నాయనను ఎగ్జామినరుగా పిలిపిద్దామా?" అన్నారు.

సారు చొక్కా జేబులో రెండు పెన్నులూ ఒక గ్యాస్ లైటరూ ఉండేవి. సిగరెట్టు లైటర్ కాదు, వంటింట్లో పొయ్యి వెలిగించే టిక్కు టిక్కు లైటర్. అది జేబులో పట్టక సగం బయటికి పొడుచుకొచ్చేది. ఎవరు ఏమడిగినా ముందు దాన్ని తీసేవారు. "సూడప్పా, దీంట్లో బ్యాటరీ లేదు, తీగ లేదు. నొక్కితే రవ్వ యాడ నుంచి వచ్చాండాది? లోపల బిళ్లను గుద్దితే కరెంటు పుడుతాది. మేం చేసేదీ ఇదే, కాకపోతే మా బిళ్ల ఎవురికీ కనిపించదు." బస్సు కండక్టరుకు చెప్పారు. పెళ్లి భోజనాల్లో పక్క విస్తరాయనకు చెప్పారు. ఒక ఆదివారం చర్చిలో మోకరించి తల వంచినప్పుడు జేబులో లైటర్ దానంతట అదే టిక్కుమంటే, పాస్టరు గారు ప్రార్థన ఆపి కళ్లు తెరిచి చూశారట. "అప్పుడు కూడా ఆయనకు చెప్పబోయినాడమ్మా" అని అమ్మ చెప్పేది. సారు భార్యను మేమందరం అమ్మా అనే పిలుస్తాం.

ఇంట్లోకి ఇంకో లైటర్ కొనుక్కోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అమ్మ అదీ చేసి చూసింది. కొత్తది కొంటే సారు రెండోదీ జేబులో వేసుకునేవారు. దాంతో పొద్దున పాలపొయ్యి దగ్గర ఆ ఇంట్లో సుప్రభాతం ఒకటే. "లైటర్ యాడ పెట్టినావయ్యా?" పడకగదిలోంచి ఆయన టిక్కుమని ఒకసారి నొక్కేవారు. అదే జవాబు. ఆమె వెళ్లి తీసుకునేది.

ఆయన దగ్గర చేరిన ప్రతివాళ్లకూ మొదటి రోజే ఒక కంప్యూటర్ ఫైలు ఇచ్చేవారు. అది ఆయన కుర్రతనంలో రాసుకున్న మూల ఫైలు. పొర ఎట్లా ఉంటుంది, దాన్ని ఎట్లా లాగాలి, కరెంటు ఎట్లా లెక్కకట్టాలి, అంతా అందులో ఉంది. పాలు తోడేయడానికి పక్కింట్లో కాస్త పెరుగు అడిగి తెచ్చుకున్నట్టు, ఒకరి నుంచి ఒకరికి ఆ ఫైలే వచ్చేది. దాంతో పాటు ఒక హెచ్చరిక కూడా ఇచ్చేవారు. "గ్రాఫు చూడంగానే సంతోషమేస్తే, ముందు పోయి నీళ్లు తాగిరా. తాగినాంక కూడా సంతోషం ఉంటే అప్పుడు నా దగ్గరికి రా." నేను తెచ్చిన గ్రాఫుల్లో చాలావాటిని ఆ నీళ్లే మింగేశాయి.

నాకు కష్టమంతా రెండు పొరల దగ్గర వచ్చింది. ఒక్క పొరను లాగితే విద్యుత్తు పుడుతుంది. రెండు పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటే పుట్టకూడదు. ఎందుకంటే ప్రకృతిలో ఆ పొరలు ఒకటి ఇటు తిరిగి ఉంటే రెండోది అటు తిరిగి ఉంటుంది. పై పొర కుడికి నెట్టిన విద్యుత్తును కింది పొర ఎడమకు నెడుతుంది. చివరికి మిగిలేది సున్నా. ఈ సంగతి పుస్తకాల్లో ఉంది, సారు క్లాసులో చెప్పేవారు, పరీక్షల్లో అడిగేవారు కూడా. కానీ నా కంప్యూటర్లో రెండు పొరలకు సున్నా రాలేదు. ఒక్క పొరకు వచ్చినదానికి ఇంచుమించు రెట్టింపు వచ్చింది. నీళ్లు తాగాను. మళ్లీ రెట్టింపే వచ్చింది. సారుకు చూపించాను.

ఆ రోజు సారు నీళ్లు తాగలేదు. ఉగ్గాని బజ్జీ తెప్పించారు. మిరపకాయ బజ్జీ కొరుకుతూ గ్రాఫును చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, "అమ్మా, పుస్తకంలో ఉండేది ఉత్త పొర సంగతి. మనది ట్రాన్సిస్టరు. మన తీగలు పై పొరకే తగులుతాండాయి కదా, కింది పొర గొడవ మనకెందుకు వినిపిస్తాది?" అన్నారు. ఎంత చక్కటి కారణం! సున్నా ఎందుకు రాలేదో అది చెప్పింది, రెట్టింపు ఎందుకు వచ్చిందో మాత్రం ఇద్దరం అడగలేదు. అవును సార్, అన్నాను. ఇద్దరం చదువుకున్నవాళ్లం కాబట్టి ఆ కారణం చుట్టూ ఒక అధ్యాయమే అల్లేశాం. నాకంటే ముందు నలుగురైదుగురు సీనియర్లు ఇదే కారణంతో తలా ఒక అధ్యాయం అల్లుకున్నారు. పేపర్లు అచ్చయ్యాయి. నా థీసిస్ బైండింగు కూడా అయిపోయింది, అట్ట మీద బంగారు అక్షరాలతో. గడువు పొడిగించుకోవడం కూడా అయిపోయింది. ఆ నెలలో సమర్పించకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ఇన్నేళ్ల చదువు మట్టిలో కలుస్తుంది. ఆ ఏడే సారు రిటైర్‌మెంటు. మిగిలింది ఆయన సంతకం ఒక్కటే.

సంతకానికి వెళితే సారు లేరు. కొత్తింట్లో నేలకు పరిచే బండలు తెచ్చుకోవడానికి బేతంచెర్ల పోయారట. ఫోన్ చేస్తే, "ఈడికే రామ్మా, బండ మీద పెట్టి సంతకం చేస్తా" అన్నారు. నేను సంచీలో థీసిస్ కాపీలు పెట్టుకుని బస్సెక్కాను. సారు తమ్ముడికి బేతంచెర్లలో పాలిష్ మిల్లు ఉంది. నేను పోయేసరికి సారు లుంగీ పైకి కట్టి, తల నిండా రాతిపొడితో, బండలు మోస్తూ ఉన్నారు. కూలీలకు ఇవ్వకుండా తానే ఎత్తాలని ఆయన సరదా. నేనేమో ఊరికే నిలబడలేక ఒక చిన్న బండ తీసి బండిలో నిలువుగా ఆనించాను.

"ఏమ్మా ఏమ్మా! ఏం చేస్తాండావు?" అని సారు అరిచారు. "పాలిష్ పక్కకు గరుకు పక్క తగిలిస్తే గీసుకపోవా? బండలు ముఖం ముఖం చూసుకోవాల. ఒకటి ఇట్ల తిప్పితే రెండోది అట్ల తిప్పల్ల. ప్రతి రెండో బండా తిప్పల్ల! కమలాపురంలో ఇదైనా నేర్పలేదా మీకు? ప్రతి రెండో..."

అక్కడ ఆగిపోయారు. చేతిలో బండ అట్లాగే ఉంది. తమ్ముడు పరుగెత్తి వచ్చి దాన్ని అందుకున్నాడు, గుండెపోటేమోనని భయపడి. సారు బండల దొంతర మీద కూర్చుండిపోయారు. "అమ్మా, మన ఫైల్లో రెండో పొరను తిప్పే లైను ఉండాదా?" అన్నారు.

లాప్‌టాప్ తీసి అక్కడే బండ మీద పెట్టి ఫైలు తెరిచాను. లైను ఉంది. దాని ముందు ఒక చిన్న గుర్తు ఉంది. మా పనిలో ఒక లైను ముందు ఆ గుర్తు పెడితే కంప్యూటర్ దాన్ని చదవకుండా దాటిపోతుంది. ఎప్పుడో ఏదో పరీక్షించడానికి సారే ఆ గుర్తు పెట్టి, తీయడం మరిచిపోయారు. అప్పటి నుంచి మా అందరి పొరలూ ఒకే పక్కకు తిరిగి, ఒకే పక్కకు నెడుతూ, రెట్టింపు కరెంటు ఇస్తూ ఉన్నాయి. పుట్టినప్పటి నుంచి బండలు ముఖాముఖి పేర్చడం చూసిన మనిషి కంప్యూటర్లో మాత్రం అన్నిటినీ ఒకే వైపు పేర్చారు.

సారు తమ్ముణ్ణి నీళ్లు అడిగారు. చెంబెడు తాగి, "ఆ రోజు తాగాల్సిన నీళ్లు ఇప్పుడు తాగుతాండా" అన్నారు.

తమ్ముడికి విషయం సగమే అర్థమైంది కానీ, ఆ సగం బాగా అర్థమైంది. "ఎవురికి తెలుస్తాదన్నా? సంతకం పెట్టి పంపించు ఆ పాపను. అంత దూరం నుంచి వచ్చినాది" అన్నాడు.

"నాకు తెలిసిపాయె కదరా" అన్నారు సారు.

సంతకం పెట్టలేదు. తిరుగు బస్సులో ఆ బంగారు అక్షరాల పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని నేను ఏడ్చిన ఏడుపు డోన్ దాకా ఆగలేదు. నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. గుర్తు పెట్టింది ఆయన, మరిచింది ఆయన, బజ్జీలు తిన్నది ఆయన. మునిగింది నేను. ఆ మాట ఫోన్ చేసి ఆయనతోనే అన్నాను. "బజ్జీలు నువ్వూ తింటివి" అన్నారు. తర్వాత నెమ్మదిగా, "నీ డిగ్రీ నాకు వదిలెయ్ తల్లీ. నాది తప్పు, నేనే మోస్తా" అన్నారు.

మోయడం అంటే నిజంగానే మోశారు. మర్నాడు ఆయన డీన్ గారి గదికి ఆటోలో రెండు బేతంచెర్ల బండలతో వెళ్లారు. వెనక నేను. డీన్ గారి టేబుల్ మీద మందపాటి అద్దం, దాని కింద దేవుళ్ల పటాలు, మధ్యలో మనవడి ఫొటో. సారు ఆ అద్దం మీద ఒక బండ పెట్టి, దాని మీద రెండోది పెట్టి, "సూడండి సార్, ఇట్ల పెడితే గీసుకుంటాయి" అని బరబరా రుద్దారు. ఆ చప్పుడుకు డీన్ గారు చెవులు మూసుకున్నారు. "ఇప్పుడు ముఖం ముఖం పెడతా సూడండి" అని తిప్పి పెట్టేలోపు, కింద అద్దం టప్పుమంది. పగులు నేరుగా మనవడి ముక్కు మీదుగా పోయింది.

"మీరు నోటితో చెబితే నేను నమ్మనా సార్? బండలెందుకు తెచ్చారు?" అన్నారు డీన్ గారు, పాపం ఏడుపు గొంతుతో. "తప్పు నాది, ఈ పాపది కాదని రూఢిగా చెప్పాలని" అన్నారు సారు. గడువు దొరికింది. నా కష్టం చూసి ఇచ్చారో, బండలు తీయించుకోవడానికి ఇచ్చారో ఇప్పటికీ తెలియదు.

తర్వాత సారు ఆ రెండు పొరల అధ్యాయాలు రాసిన పాత విద్యార్థులందరికీ ఒక్కొక్కరికే ఫోన్ చేశారు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి కొన్ని విన్నాను. ఒకాయన, "సార్, దాని మీద నాకు ప్రమోషన్ కూడా వచ్చేసింది కదా!" అని గోల పెట్టాడు. "ప్రమోషన్ ఉంచుకో అప్పా, అధ్యాయం వదిలెయ్" అన్నారు. ఇంకొకాయన, మా మామగారు ఆ గ్రాఫును ఫ్రేము కట్టించి హాల్లో తగిలించుకున్నారు సార్, అన్నాడు. "ఉండనీలే, గోడకు అందంగా ఉంటాది." బొటనవేలు బొమ్మ పెట్టిన సీనియరు ఉన్నాడే, ఆయన ఒక్కడే మరీ గొడవ చేశాడు, పరువు పోతుందని. సారు అంతా విని, "నీ పరువు కాదప్పా పోయేది, నాది. నీది నా దగ్గర ఉండిందనుకో, తీసుకపో" అన్నారు. అచ్చయిన పేపర్లకు సవరణలు పంపారు. ప్రతిదానిలోనూ తప్పు తనదేనని ఉంది. రిటైర్‌మెంటు ముంగిట్లో ఎవరైనా శాలువాల కోసం చూస్తారు. ఈయన ఇది పెట్టుకున్నారు.

నేను లెక్కలన్నీ మళ్లీ చేశాను. ఈసారి థీసిస్‌లో గొప్పలేమీ మిగల్లేదు. ఒక్క పొరకు విద్యుత్తు ఉంది. రెండింటికి సున్నా. మూడింటికి కాస్త. నాలుగింటికి మళ్లీ సున్నా. వైవాకు బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ఆ గ్రాఫు చూసి, "ఏమిటమ్మా, సున్నాలే ఎక్కువగా ఉన్నాయి?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు వెనక వరసలోంచి సారు లేచారు. "సార్, ఆ సున్నాల కోసం ఈ పాప శానా కష్టపడినాది. సున్నా రావాల్సిన చోట సున్నా వచ్చినాది సూడండి, దానికన్నా సంతోషం యాడుంటాది?" అన్నారు. హాలంతా నవ్వింది. ఎగ్జామినరు కూడా నవ్వి, ఇంకేమీ అడగలేదు. ఆ రోజు సారు మొదట నీళ్లు తాగారు, తర్వాతే బజ్జీలు తెప్పించారు.

స్వీటు డబ్బా పట్టుకుని వాళ్ల కొత్తింటికి పోయాను. ఆ బేతంచెర్ల బండలు పరిచి ఉన్నాయి, ముఖం కనిపించేటంత నునుపుగా. గడప దాటీ దాటగానే సర్రున జారి, స్వీటు డబ్బాతో సహా సారు కుర్చీ దాకా పోయాను. "డాక్టరమ్మ వచ్చినాది, ఎంత వేగంగా వచ్చినాదో సూడు" అన్నారు. అమ్మ నన్ను లేపుతూ, "పాలిష్ ఇంత వద్దంటే విన్యాడా ఈ మనిషి? నేను ఇప్పటికే రెండుసార్లు పడితి" అంది. సారు లడ్డూ నోట్లో వేసుకుని, "అవును, పాలిష్ పైకి ఉంటే మనుషులు జారతారు. నేర్చుకుంటి" అన్నారు.

సారు పోయిన పొద్దున ఏం జరిగిందో అమ్మ తర్వాత చెప్పింది. పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, ఎప్పటిలాగే, "లైటర్ యాడ పెట్టినావయ్యా?" అని కేకేసిందట. టిక్కు వినపడలేదు. ఇంకోసారి కేకేసింది. "అప్పుడు నాకు తెలిసిపాయెమ్మా. పొయ్యి దగ్గరే కూలబడితి" అంది. లైటర్ దిండు పక్కనే ఉందట.

బేతంచెర్లలో చర్చి వెనక ఉన్న శ్మశానంలో సమాధి చేశారు. సమాధి మీద బండ వేసే రోజు మమ్మల్నందరినీ రమ్మంది అమ్మ. 'ఒంటి పొర' మొత్తం వచ్చింది, బొటనవేలు సీనియరుతో సహా. సారు తమ్ముడు తన మిల్లులో ఉన్న బండల్లోకెల్లా మేలైన బండను ఏరి, తానే దగ్గరుండి పాలిష్ పట్టించాడు. ఎండలో అది కళ్లు చెదిరేట్టు మెరుస్తోంది. మేస్త్రీ సున్నం సర్ది, పాలిష్ పక్క పైకి వచ్చేట్టు దించబోయాడు.

"తిప్పప్పా" అంది అమ్మ.

మేస్త్రీకి అర్థం కాలేదు. "యాడికి తిప్పల్లమ్మా?"

"పాలిష్ పక్క లోపలికి. గరుకు పక్క పైకి. ఆయన చెప్పిపెట్టినాడు. పైన నునుపుంటే వచ్చినోళ్లు జారతారంట. ఇంకోటి, ముఖం ముఖం చూసుకోవాలంట."

తమ్ముడు నెత్తి కొట్టుకున్నాడు. "వదినా, ఊరంతా నవ్వుతాది! పాలిష్ మిల్లోడు సొంత అన్నకు బండ తలకిందులుగా ఏసినాడంటారు. ఇంత పని చేసి లోపలికి ఏస్తే యాడ కనిపిస్తాది?"

"కనిపించాల్సినాయనకు కనిపిస్తాదిలే" అంది అమ్మ.

మేస్త్రీ బండను తిప్పబోయాడు. ఒక్కడి వల్ల కాలేదు. డాక్టరేట్లు ఉన్నవాళ్లమంతా చీరలూ ప్యాంట్లూ దోపుకుని బండకు నాలుగు పక్కలా చేతులు వేశాం. ఎత్తి తిప్పుతుంటే ఆ నునుపులో ఒక్క క్షణం ఆకాశమూ, ఒంగిన మా ముఖాలన్నీ కనిపించాయి. బొటనవేలు సీనియరు ముఖం తడిసి ఉంది. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. మేం బండను నెమ్మదిగా ఆయన ముఖం మీదికి దించాం.

ప్రార్థన అయ్యేలోపు గోడ పక్కన మేస్తున్న మేక ఒకటి వచ్చి, ఆ గరుకు బండ మీద ఎక్కి నిలబడింది. తమ్ముడు దాన్ని తోలబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. మేక అటూ ఇటూ నాలుగడుగులు వేసి చూసింది. ఎక్కడా జారలేదు.